మూడు తలల పగడం

బొడ్డేపల్లి జగ్గారావు మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ఆయన ముందు ఒక పని చెప్పేవారు. జవాబు ఆ పని అయ్యాక వచ్చేది. ఒక్కోసారి వచ్చేది కూడా కాదు. నిజానికి ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. విశాఖపట్నంలో ఒక కాలేజీ జంతుశాస్త్ర ప్రయోగశాలలో ముప్ఫయ్యొక్క సంవత్సరాలు గాజుసామాను కడిగి, సీసాల్లో నిలవచేసిన జీవాలకు చీటీలు అంటించి రిటైరైనవారు. కాని పెదవాల్తేరు సందులో ఆయన ఇంటి ముందుగది నిండా ఆరడుగుల ఉప్పునీటి తొట్టె ఒకటి ఉంది. అందులో పదహారేళ్ళుగా పగడాలు పెరుగుతున్నాయి. ఇంట్లో ఇంత సముద్రాన్ని పెంచుకుందామని సరదాపడి చేతులు కాల్చుకున్నవాళ్ళు ఊళ్ళో ఏడెనిమిదిమంది ఉన్నారు. వాళ్ళంతా ఆదివారం మధ్యాహ్నం చిన్న చిన్న సీసాల్లో తమ తొట్టెల నీళ్ళు పట్టుకుని ఆ గదికి చేరేవారు. ఆయన్ని మాస్టారిని చేసింది వాళ్ళే. ఆయన వద్దనలేదు, సరేననలేదు. వచ్చినవాళ్ళకి టీ మాత్రం ఇచ్చేవారు.

శ్రావణమాసంలో ఒక ఆదివారం ముసురు పట్టింది. ఆవేళ వాళ్ళలో పీతాంబరం ఒక్కడే వచ్చాడు. తడిసిన గొడుగు గుమ్మం పక్కన ఆనించి, జేబులోంచి మడతపెట్టిన నీటిపరీక్షల కాగితం తీసి, కూర్చోకుండానే అడిగాడు.

“మాస్టారూ, నేను చేస్తున్న తప్పేమిటో మీరే చెప్పండి. ఈ కాగితంలో ఒక్క అంకె తేడాగా ఉంటే చూపించండి. అన్నీ సరిగ్గా ఉన్నప్పుడు, ఆ పగడం ఎందుకు చచ్చిపోతోంది?”

ఆ గొంతులో కోపం లేదు. కోపం తెచ్చుకోవడానికైనా కాస్త ఓపిక కావాలి, పీతాంబరం దగ్గర అది అయిపోయి చాలా రోజులైంది.

అతనికి నలభై ఒకటో ఏడు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పద్నాలుగేళ్ళుగా డయాలసిస్ టెక్నీషియన్. కిడ్నీలు పనిచెయ్యని మనుషులు వారానికి మూడుసార్లు వచ్చి నాలుగేసి గంటలు మంచం మీద పడుకుంటారు. వాళ్ళ రక్తం గొట్టంలోంచి యంత్రంలోకి వెళ్ళి, శుభ్రపడి, మళ్ళీ గొట్టంలోంచి ఒంట్లోకి వస్తుంది. ఆ యంత్రాల కాపలా పీతాంబరానిది. ఎవరికీ జబ్బు నయం కాదు. మళ్ళీ ఎల్లుండి రావడానికి సరిపడా ఆయుష్షు చేతిలో పెట్టి పంపడమే అక్కడ జరిగే పని. అతను ఆ పనిలో నిక్కచ్చి మనిషి. రోగులను పేరుపెట్టి పిలిచేవాడు కాడు, మిషను నంబరుతో పిలిచేవాడు. నాలుగో నంబరు నీరు ఎక్కువ పట్టింది, ఐదో నంబరుకి బీపీ పడింది, అనేవాడు. డ్యూటీలో కూర్చునేవాడు కాడు, తినేవాడు కాడు, కబుర్లలోకి దిగేవాడు కాడు. డాక్టర్లకి అతనంటే మహా గురి.

చైత్రంలో మాస్టారు అతనికి ఒక రాతి పగడం ఇచ్చారు. సముద్రంలోంచి పగడం పెరికి తేవడం నేరం, అలా తెచ్చినవాణ్ణి మాస్టారు గుమ్మం ఎక్కనివ్వరు. ఇది ఆయన తొట్టెలోనే పెరిగిన పెంపకపు గుత్తి నుంచి కోసి ఇచ్చిన కొమ్మ. రాతి పగడమంటే చూడ్డానికి మొక్క, ముట్టుకుంటే రాయి, అసలుకి జంతువు. ఒంటి కింద తన రాయిని తానే కట్టుకుంటుంది. ఈ కొమ్మకి మూడు తలలున్నాయి. ఒక్కో తల మీద లేతాకుపచ్చ వేళ్ళు గుబురుగా ఆడుతుంటాయి. వాటి కొసలు సుత్తిలా ఉంటాయి కనక దాన్ని హ్యామర్ కోరల్ అంటారు. రెండేళ్ళు మెత్తని పగడాలతో చేతులు అలవాటు చేసుకున్నాక పీతాంబరం దగ్గరకు వచ్చిన మొదటి రాతి పగడం అదే. తెచ్చిన నెలరోజులూ అది అతని కళ్ళముందు పువ్వులా విచ్చుకుంది. అతను డ్యూటీ నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా దాని ముందు నిలబడేవాడు.

వైశాఖంలో ఐదో మిషను ఖాళీ అయింది. శివున్నాయుడనే రిటైర్డ్ పోస్టుమాస్టరు తొమ్మిదేళ్ళు ఆ మంచం మీద పడుకున్నాడు. ఒక ఆదివారం ఇంట్లోనే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఎవరి తప్పూ లేదు. పీతాంబరం చావుకి వెళ్ళలేదు. పదకొండోరోజుకీ వెళ్ళలేదు. ఆ వారం నుంచే తొట్టెలో నీళ్ళు వారానికి మూడుసార్లు మార్చడం మొదలుపెట్టాడు. నీళ్ళలోని మాలిన్యాన్ని పీల్చేసే రెజిన్ సంచీ ఒకటి తెచ్చి వేశాడు. ఉన్న రెండు చేపల్నీ, నీళ్ళు పాడుచేస్తాయని, ఎవరికో ఇచ్చేశాడు. ఆ మాలిన్యానికి కొలతలైన నైట్రేట్ సున్నాకి వచ్చింది, ఫాస్ఫేట్ సున్నాకి వచ్చింది. సున్నా అంటే అతనికి ముద్దు. రక్తంలో చెడు ఎంత తగ్గితే మనిషి అంతసేపు బతుకుతాడని పద్నాలుగేళ్ళుగా చూస్తున్నవాడికి ముద్దు కాక ఏమవుతుంది?

కాని పగడం రంగు తగ్గింది. వేళ్ళు ముడుచుకున్నాయి. ఆషాఢంలో మొదటి తల మీది మాంసం పొరలు పొరలుగా ఊడిపోయి కింద తెల్లని రాయి బయటపడింది. రెండో తల అదే దారి పట్టింది. పీతాంబరం ఇంకాస్త శుభ్రం చేశాడు.

ఈలోగా ఆసుపత్రివాళ్ళు అతన్ని పిలిచి, కింద బిల్లింగు సెక్షనులో సీటు ఖాళీగా ఉంది, యంత్రాలతో విసిగిపోయి ఉంటావు, కావాలంటే ఇస్తాం, దసరా వెళ్ళేలోగా ఏదో ఒక సంగతి చెప్పమన్నారు. పీతాంబరం ఇంటికొచ్చి భార్య హైమావతితో ఒక మాటన్నాడు. పైకి చెప్పుకోడానికి చదువుకున్నవాడెవడైనా సిగ్గుపడే మాట. “ఆ మూడో తల బతికితే ఉంటాను. పోతే నా చేతుల్లో ఏదీ బతకదని తేలిపోయినట్టే. కిందికి పోయి రసీదులు రాసుకుంటాను.” హైమావతి నవ్వబోయి, అతని ముఖం చూసి మానేసింది.

అందుకే ఆ ముసురులో బయల్దేరి వచ్చాడు. మాస్టారు కాగితం అందుకున్నారు, విప్పలేదు. టీపాయ్ మీద పెట్టి దాని మీద కళ్ళజోడు బరువుగా ఉంచారు.

“అద్దం మసగ్గా ఉందయ్యా. నేను టీ పెట్టుకొస్తాను, ఈలోగా కాస్త ముందువైపు తుడిచిపెట్టు,” అని గీకుడుబిళ్ళ చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళారు.

పీతాంబరం చొక్కా చేతులు మడిచి తుడిచాడు. పని చేతిలోకి రాగానే అతనికి ప్రాణం కుదుటపడింది. ముందు అద్దం మెరిశాక పక్క అద్దం మురికిగా కనిపించింది. అదీ తుడిచాడు. అప్పుడు వెనక అద్దం మీది పాచి కంట్లో పడింది. దాన్ని గీకాడు. గీకినదంతా రాళ్ళ సందుల్లో పడింది, ఆ సందుల్లో ఎప్పటెప్పటి మడ్డో ఉంది. మాస్టారి వయసు మీద జాలి కలిగింది. పెద్దాయనకు వంగడం కష్టమై వదిలేసి ఉంటారు పాపం అనుకుని, మేకుకి వేలాడుతున్న రబ్బరు గొట్టం దింపి, బకెట్టులోకి మడ్డి లాగడం మొదలుపెట్టాడు. ఇసక మీద చిన్న పురుగులేవో బెదిరి పరుగెడుతున్నాయి. అతను వాటిని కూడా లాగేసేవాడే, కాని గొట్టంలో నీళ్ళు ఉన్నట్టుండి ఆగిపోయాయి. వెనక్కి చూస్తే మాస్టారు ఒక చేతిలో టీ కప్పులున్న పళ్ళెంతో, రెండో చేత్తో గొట్టం నొక్కిపట్టుకుని ఉన్నారు.

“అద్దం తుడవమన్నాను గాని, ఇల్లు ఖాళీ చెయ్యమన్నానేటయ్యా?”

పీతాంబరం చెవులు ఎర్రబడ్డాయి. గొట్టం వదిలేసి చేతులు తుడుచుకుని కుర్చీలో కూర్చున్నాడు. మాస్టారు బకెట్టులోని మడ్డినీళ్ళను నెమ్మదిగా, ఒలకకుండా, తిరిగి తొట్టెలోకే పోశారు. చూస్తుంటే పీతాంబరానికి పళ్ళు జివ్వుమన్నాయి.

టీ తాగాక మాస్టారు చిన్న గిన్నెలో రొయ్యల తురుము తెచ్చి చేపలకు వేశారు. అద్దం అవతల గోల మొదలైంది. ఆ తొట్టెలో తెల్లటి ఒంటి మీద మూడు నల్లచారలున్న చేపలు అయిదారు ఉన్నాయి. బొటనవేలంత ఉంటాయి, పొగరు మాత్రం ఇంతా అంతా కాదు. ఒక్కొక్కటీ నోరు పట్టనంత ముక్క అందుకుని, నమిలి, సగం ఉమ్మి, ఆ ఉమ్మినదాని కోసం మళ్ళీ తమలో తాము కొట్లాడుకుంటున్నాయి. నీళ్ళన్నీ నలకలయ్యాయి.

“చూస్తున్నావా?” అన్నారు మాస్టారు.

“చూస్తున్నాను మాస్టారూ. సగం తిండి వృథా అయిపోతోంది.”

మాస్టారు నవ్వారు. నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు. దగ్గు తగ్గాక వేలు పెట్టి చూపించారు. వృథా అయిన ఆ నలకల్లో ఒకటి కిందికి జారి పీతాంబరం పగడానికి తల్లిగుత్తి అయిన హ్యామర్ మీద వాలింది. ఆకుపచ్చ వేళ్ళు నాలుగు దాని మీదికి వంగి, నెమ్మదిగా మూసుకుని, లోపలికి తీసుకున్నాయి. పక్కనే కొమ్మల పగడం ఒకటి ఉంది. చారల చేపల కాపురం ఆ కొమ్మల మధ్యనే. కడుపు నిండిన చేప ఒకటి అందులో దూరి, తోకాడిస్తూ, సిగ్గూ ఎగ్గూ లేకుండా అక్కడే పని కానిచ్చింది. పీతాంబరం ముఖం చిట్లించుకున్నాడు. చిట్లించుకున్న ముఖంతోనే ఇంకొకటి గమనించాడు. తొట్టె మొత్తం మీద ఆ పగడం చేపలు కాపురమున్న వైపే దట్టంగా పెరిగింది. చేపలు లేనివైపు కొమ్మలు సన్నగా, వెలిసిపోయినట్టున్నాయి.

పగడం ఒంట్లో కంటికి కనపడని పాచి ఉంటుందనీ, పగడం విసర్జించినది ఆ పాచికి తిండి అనీ, ఆ పాచి వెలుతురులో వండుకున్నదాంట్లో మిగిలినది పగడానికి తిండి అనీ పీతాంబరం ఎప్పుడో చదివాడు. మిగతావాళ్ళకి చెప్పాడు కూడా. చదివినది చదివినట్టే ఉండిపోయింది, చేతుల్లోకి దిగలేదు.

మాస్టారు పక్కనున్న చిన్న తొట్టెలో వలతో కలియబెట్టి, చారల పిల్లచేపను ఒకదాన్ని పట్టి, నీళ్ళసంచీలో వేసి, మూతి కట్టి అతని ఒళ్ళో పెట్టారు.

“మందేదైనా చెబుతారనుకున్నాను మాస్టారూ,” అన్నాడు పీతాంబరం. “ఇది నీళ్ళు పాడుచేస్తుంది కదండీ.”

“చెయ్యనీ,” అన్నారు మాస్టారు. “రోజూ రెండు పూటలా తిండి పెట్టు. ఆ రెజిన్ సంచీ తీసీ. నీళ్ళు పదిహేను రోజులకోసారి మార్చు, అదీ కొంచెం. దసరాల్లో ఓసారి కనబడు. ఈలోగా రావద్దు.”

చివరిమాట పీతాంబరానికి గట్టిగా తగిలింది. దసరాలంటే దాదాపు రెండు నెలలు. గడువూ అప్పటికే. వానలో, ఒళ్ళో తన్నుకుంటున్న సంచీతో, ఆటోలో ఇంటికి పోతూ, మాస్టారు తనని వదిలించుకున్నారేమోనని అనుకున్నాడు.

“ఒక్క ప్రాణంతోనే మీ ముఖం అలా అయిపోయింది. ఇప్పుడు రెండా?” అంది హైమావతి.

చేప వచ్చిన ఆరోరోజున రెండో తల పూర్తిగా పోయింది. ఉదయం లేచి చూస్తే రాయి. పీతాంబరం వెళ్ళి బకెట్టు, గొట్టం, ఉప్పు డబ్బా తెచ్చి తొట్టె ముందు పెట్టుకున్నాడు. హైమావతి గుమ్మంలో నిలబడి, “మాస్టారు వద్దన్నారు కదండీ,” అంది. అతను చాలాసేపు గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. చివరికి బకెట్టు బోర్లించి దాని మీద కూలబడ్డాడు. శుభ్రం చెయ్యడం అతనికి తెలిసిన ఒకే ఒక ప్రార్థన. అది కూడా వద్దంటే ఇక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. హైమావతి వచ్చి పక్కన నేల మీద కూర్చుంది. చారల చేప అద్దం దగ్గరికొచ్చి, తిండి ఆలస్యమైందని ఇద్దర్నీ కోపంగా చూసింది.

భాద్రపదంలో ఆసుపత్రిలో ఇద్దరు టెక్నీషియన్లు మానేశారు. పీతాంబరానికి రోజూ రెండు షిఫ్టులు పడ్డాయి. పొద్దున్న ఆరింటికి నీటి పరీక్షతో మొదలై, సూదులు, గొట్టాలు, బీపీలు, అలారాలు. రాత్రి ఇంటికొచ్చేసరికి కాళ్ళు తనవి కానట్టుండేవి. తొట్టెలో ఇసక మీద గోధుమరంగు తెట్టు కట్టింది. నైట్రేట్ రెండుకొచ్చింది, తర్వాత అయిదుకొచ్చింది. మూడో తల చావలేదు, కోలుకోనూ లేదు. బఠాణీగింజంత ముడుచుకుని ఉంది.

నాలుగో మిషను మీద నూకరత్నం అనే ముసలామె పడుకునేది. భీమిలి వైపు మనిషి. ఒకప్పుడు ఊరూరా గాజులమ్మింది. ఎడమచేతికి సూదులు గుచ్చాలి కనక గాజులన్నీ కుడిచేతికే వేసుకునేది. యంత్రం తిరుగుతున్నప్పుడు మొదటి గంటలో తింటే ఏమీ కాదని రోగుల్లో ఒక నమ్మకం ఉంది. తిన్నది కూడా యంత్రం కడిగేస్తుందట. ఆ ధైర్యంతో ఆవిడ డబ్బా విప్పేది. విప్పినప్పుడల్లా ఏళ్ళ తరబడి ఒకటే మాట. “ఒక ముక్క తిను బాబూ.” ఏళ్ళ తరబడి అతనిదీ ఒకటే జవాబు. “డ్యూటీలో తినకూడదు మామ్మా.”

ఒక గురువారం రెండో షిఫ్టులో, ఆవిడ గొట్టం సరిచేసి లేవబోతుంటే పీతాంబరానికి కళ్ళు చీకట్లు కమ్మాయి. మంచం కమ్మీ పట్టుకుని, పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు. పద్నాలుగేళ్ళలో ఆ హాల్లో అతను కూర్చోవడం అదే మొదటిసారి.

“పొద్దున్నుంచీ ఏటీ తిననేదు కదా నువ్వు?” అంది నూకరత్నం. గాజులు గలగలమనిపిస్తూ డబ్బాలోంచి మినపగారె తీసి, విరిచి, సగం అతని చేతిలో కుక్కింది. “తినీ. నాది మిషను కడిగీస్తాది. నీది నువ్వే అరాయించుకో.”

అతను తిన్నాడు. కాదనడానికి నోట్లో శక్తి లేదు. గారె చల్లారిపోయి, కాస్త మెత్తబడి, ఉప్పు చాలకుండా ఉంది. రోగులకు ఉప్పు తగ్గించమని ఏళ్ళ తరబడి చెప్పింది అతనే.

ఆవిడ అతను తినడం చూస్తూ ఉంది. చూసి చూసి అంది. “నాయుడుగారుంటే ఎంత సంబరపడీవోడో. ఆయన అనీవోడు, నూకరత్నం, తొమ్మిదేళ్ళయి మన రగతం కడుగుతన్నాడు, మన చేతి ముక్క ఒక్కటి ముట్టుకోడు, మనమంటే అసయ్యమేమో ఆ బాబుకి, అని.”

పీతాంబరం నములుతున్నది ఆపేశాడు.

“అసహ్యం కాదు మామ్మా,” అన్నాడు. “భయం.”

“దేనికి?”

“అలవాటైపోతే... మీరు పోయినప్పుడు...”

“మరి నాయుడుగారు అలవాటవనేదు కదా నీకు,” అంది నూకరత్నం. “పోతే నొప్పెట్టనేదేటి?”

పీతాంబరానికి ఏడుపొచ్చింది. వైశాఖం నుంచి రావలసిన ఏడుపు, పన్నెండు మంచాల హాల్లో, నోట్లో గారె ఉండగా వచ్చింది. అవతలి వరసలో నర్సు తల తిప్పుకుంది. శివున్నాయుడు వచ్చిన ప్రతిసారీ గుమ్మంలోంచే “గుడ్మార్నింగ్ సార్” అనేవాడు. తను చూపు యంత్రం మీదనుంచి తియ్యకుండా “ఐదో నంబరు, బరువు చూసుకోండి” అనేవాడు. అసహ్యమనుకుంటూ పోయాడు ఆ పెద్దమనిషి. ఆ సంగతిని ఇక ఏ యంత్రమూ కడగలేదు. అతనికి అది తెలుసు, తెలిసే ఏడ్చాడు.

ఆ తర్వాత అతను మారిపోయాడని చెప్పడానికి లేదు. షిఫ్టులు తగ్గలేదు, అలసట తగ్గలేదు. నూకరత్నం డబ్బా విప్పినప్పుడు స్టూలు లాక్కుని రెండు నిమిషాలు కూర్చునేవాడు, అంతే. ఆరో మిషను మేస్త్రీగారు అది చూసి, తనూ అరటిపండు విరిచి సగం ఇచ్చాడు. పీతాంబరం పండంతా లాగేసుకుని, కిడ్నీ మనిషివి నీకు అరటిపండేమిటని తిట్టి, తనే తినేశాడు. హాల్లో నవ్వులు వినబడ్డాయి. వాళ్ళ పేర్లు అతనికి ఒక్కొక్కటే నోట పట్టుబడ్డాయి.

మహాలయ అమావాస్య దాటిన రెండో రోజు పొద్దున్న, షిఫ్టుకి బయల్దేరుతూ లైటు వేస్తే, మూడో తల విచ్చుకుని ఉంది. పూర్తిగా కాదు. పాతికపైసల బిళ్ళంత. కాని వేళ్ళ కొసల్లో లేతాకుపచ్చ తిరిగొచ్చింది. కింద మాంసం రాయి అంచు మీదికి తిరిగి పాకుతోంది. రొయ్యముక్క ఒకటి పైనుంచి పడితే అందుకుంది. పీతాంబరం దగ్గరగా చూద్దామని చెయ్యి పెడితే చారల చేప ఉరికి వచ్చి వేలు కొరికింది. అతను హైమావతిని కేకేశాడు. ఆమె వచ్చి, చూసి, భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత అతను షిఫ్టుకి వెళ్ళిపోయాడు.

దసరాల్లో ఆదివారం నాడు మాస్టారింటికి వెళ్ళాడు. మర్నాడు ఆసుపత్రిలో జవాబు చెప్పాలి. ఆవేళ గదిలో మరెవరూ లేరు. మాస్టారు అడగకపోయినా జరిగినదంతా చెప్పాడు. బిల్లింగు సీటు, మూడో తల మీద వేసుకున్న పందెం, రెండో తల పోవడం, బకెట్టు బోర్లించడం, గారె, శివున్నాయుడి మాట, తన ఏడుపు, అరటిపండు, చేప కాటు, అన్నీ. ఎప్పుడూ అంత మాట్లాడినవాడు కాడు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, మంచినీళ్ళు అడిగి తాగాడు.

“నేను వేసుకున్న పందెం ప్రకారం అయితే మిషన్ల దగ్గరే ఉండాలి మాస్టారూ,” అన్నాడు చివరికి. “కాని పందెం గెలిచానని కాళ్ళనొప్పులు పోలేదు. మూడింట్లో బతికింది ఒకటే. అక్కడ హాల్లో ఉన్నవాళ్ళలో ఎవరు ఎన్నాళ్ళుంటారో నాకు తెలుసు. నూకరత్నం మామ్మ గుండె బాగాలేదు. మళ్ళీ ఒక మంచం ఖాళీ అవుతుంది, మళ్ళీ నేనక్కడే నిలబడి ఉంటాను. చాలా అలిసిపోయానండీ. ఇంకెన్నాళ్ళు చెయ్యగలను?”

మాస్టారు అతని వంక చూడలేదు. చేపలకు తిండి వేసిన గిన్నె ఒళ్ళో పెట్టుకుని, అద్దం వైపే చూస్తూ అడిగారు.

“ఆ బిల్లింగు సీటు ఎలాగుంటాది?”

“కింద, అద్దాల గదండీ. ఏసీ ఉంటుంది. కూర్చుని చేసే పని. అయిదింటికి ఇంటికి వచ్చెయ్యొచ్చు. ఎవరూ మన కళ్ళముందు పోరు. చేతికి మట్టి అంటదు.”

“మంచి సీటే,” అన్నారు మాస్టారు. నిజంగానే అన్నారు, ఎగతాళి లేదు. గిన్నెలో మిగిలిన తురుము నీళ్ళలోకి దులిపి, నలకలు కిందికి దిగేదాకా చూశారు. అప్పుడు అతని వైపు తిరిగారు.

“అక్కడ నీకెవరైనా ఇంత ముక్క విరిచి పెడతారేటయ్యా?”